‘సైజ్ జీరో’: చెప్పినది, చెప్పక విడిచినది

2015 నవంబరులో విడుదలయిన ‘సైజ్ జీరో’ తెలుగు చిత్రములో స్వీటీ లావుగా నుండు యువతి. ఆమెకు పెండ్లి కుదురుట లేదని తల్లికి దిగులు. స్నేహితురాలు జ్యోతి ఒక క్లినిక్కులో త్వరగా సన్నబడబోయి మూత్రపిండములు చెడి ఆసుపత్రి పాలగును. స్వీటీ ఆ క్లినిక్కుపై పోరాడును. ఇట్టి అడ్డదారుల హానిని దర్శకుడు ప్రకాశ్ కోవెలమూడి చూపుట మెచ్చదగినది.

అయితే తప్పంతయు క్లినిక్కు యజమానిపైననే మోపబడినది. తిండియన్న భయము మనస్సులోను పుట్టును. తిండి మానుట, అదుపు లేక తిని బలవంతముగా వాంతి చేసికొనుట మొండితనము కాదు, మానసిక వ్యాధి లక్షణములు. ‘అనొరెక్సియా నెర్వోజా’ అను పేరును ఆంగ్ల వైద్యుడు విలియం గల్ 1873లోనే వాడెను. ఆహార సంబంధమైన మానసిక వ్యాధులు లావైనవారికిని రావచ్చును. చిత్రము దృష్టి ఇటు నిలువలేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక బాలిక ఈ చిత్రమును చూచెననుకొందము. దేహమునకు సిగ్గుపడవలదను మాట ధైర్యమిచ్చును. భోజనమే భయమయినపుడు అది చాలదు. మనోవైద్యుని పరీక్ష, కుటుంబము తోడుగా సాగు చికిత్స, తగిన పోషణ కావలెను. 2022లో ప్రారంభమయిన ప్రభుత్వ ‘టెలి మానస్’ 14416 నంబరులో తొలి సలహా లభించును. ఉపాధ్యాయులారా, పిల్లల లావును వేళాకోళము చేయకుడు. అన్నపు డబ్బా తెరవని పిల్లను చాటుగా పలకరింపుడు.