స్త్రీ గొంతు, పురుషుని చెవి

స్త్రీ కంఠస్వరం కూడా ఆమె దేహంలో దాచవలసిన భాగమేనని యూదుల తల్మూదులో శామ్యూల్ అనే ఆచార్యుడు తీర్మానించాడు. అందువల్ల నిష్ఠగల పురుషులు పరాయి స్త్రీ పాట వినరు. అయితే గాయని కనబడకుండా, ఆమె ఎవరో తెలియకుండా ఉంటే రికార్డు మీద వినవచ్చునని కొందరు పండితులు సడలింపు ఇచ్చారు. అది చదివినప్పుడు నాకు మన నేపథ్యగానం తలపుకు వచ్చింది.

మనకు అటువంటి శాస్త్రం లేదని గర్వించే ముందు బెంగళూరు నాగరత్నమ్మ కథ జ్ఞాపకం చేసుకోవాలి. దేవదాసి కుటుంబంలో పుట్టిన ఆ విదుషి 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను పరిష్కరించి ప్రకటించింది. 1911లో ప్రభుత్వం దానిని నిషేధించింది. అంతకుముందే వీరేశలింగం గారు, అటువంటి మాటలు ఆడది వినడమే తగదు, ఇక నోట పలకడమా అన్న ధోరణిలో ఆ కవయిత్రిని నిందించి ఉన్నారు. వీరేశలింగం గారు మనవారే. వితంతువుల కన్నీరు తుడిచిన చేయి అది. కనుకనే ఈ మాట దాచకూడదు. సిగ్గు ఆడవారికేనా, మగకవులకు అక్కరలేదా అని నాగరత్నమ్మ అడిగింది. నిషేధం తొలగింది 1947లో, ప్రకాశం గారి చేతిమీదుగా.

ఆమెయే తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి సొంత ధనంతో గుడి కట్టించింది. ఆరాధనలో స్త్రీలను పాడనివ్వకపోతే 1927లో వెనుకవైపున స్త్రీలచేత వేరుగా పాడించింది. కట్టించిన మనిషికే ముందువైపు చోటు లేదు!

సినిమా ఈ గొంతును నిషేధించలేదు, సరుకు చేసింది. మద్రాసు రోజులలోనే గొంతులకు కులాల వంటి విభజన ఏర్పడింది: ఇల్లాలికి సుశీల, క్లబ్బు నర్తకికి ఎల్.ఆర్. ఈశ్వరి. ఈశ్వరి విద్వత్తు దేనికీ తీసిపోదు. కాని ఆమెకు ఇచ్చిన గది ఇరుకు. తన పాత్రలకు తానే పాడుకున్న భానుమతి వేరు. భర్తతో కలిసి ఆమెకు సొంత స్టూడియో ఉండడం కూడా గమనించదగ్గదే.

పరిశ్రమ జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు తరలివచ్చాక ఆ గోడ కొంత కూలింది. 2021లో ‘పుష్ప’లో ప్రత్యేక గీతానికి నర్తించినది అగ్రనాయిక సమంతే. ఇంద్రావతి చౌహాన్ గొంతులో నలిగిన పట్టు, ఎకసెక్కెం రెండూ ఉన్నాయి. ఏ కట్టు కట్టినా, ఏ రంగున ఉన్నా వక్రమైనది మగవాని బుద్ధేనని ఆ పాట చెబుతుంది. దానిమీద ఒక పురుషుల సంఘం కోర్టుకెక్కింది! శామ్యూల్ ఆచార్యుడు వినేవాని చాపల్యానికి పాడేదానిని బాధ్యురాలిని చేస్తే, వీరు ఆ చాపల్యాన్ని పైకి చెప్పినందుకు అభ్యంతరపెట్టారు.

అయితే నేను ఆ పాటను వెనకేసుకు రావడం లేదు. మాట చూపును నిందిస్తూ ఉంటే, సుకుమార్ కెమెరా ఆ చూపునే సాగిస్తుంది. ఆ మందలింపు కూడా టిక్కెట్టులో భాగమైపోయింది. మాట చంద్రబోస్‌ది, బాణీ దేవిశ్రీప్రసాద్‌ది, నృత్యం గణేశ్ ఆచార్యది. స్త్రీకి మిగిలినవి గొంతూ ఒళ్ళూ. ఫిల్మ్‌నగర్‌లో సంగీత దర్శకురాలు ఎవరని నా విద్యార్థులు అడిగితే ఎం.ఎం. శ్రీలేఖ పేరు వెంటనే చెబుతాను. రెండవ పేరుకు తడుముకోవలసి వస్తుంది.