కుక్క చావు

మా చుక్క పోయి ఏడు నెలలైంది. పన్నెండేళ్ల కిందట రాజమండ్రిలో మా పెరటి గోడ పక్కన వానలో తడుస్తూ కనబడిన వీధి కుక్కపిల్ల అది. నుదుట తెల్ల మచ్చ ఉంటే ఆ పేరు పెట్టాం. చివర్లో కిడ్నీలు పాడయ్యాయి. సెలైన్ ఎక్కించిన మూడో రోజు తెల్లవారుజామున పోయింది. నేను హైదరాబాదు నుంచి వెళ్లేసరికే తమ్ముడు కొబ్బరిచెట్టు దగ్గర గొయ్యి తీసి పూడ్చేశాడు. తిరిగొచ్చాక రెండు రోజుల సెలవుకి కారణం రాయాల్సి వస్తే 'జ్వరం' అని రాశాను.

స్త్రీలు తమ దుఃఖాన్ని ఎక్కడెక్కడ దాచుకుంటారో వెతికి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. నా చేత్తో నేనే ఆ అబద్ధం ఎందుకు రాశాను? కెనెత్ డోకా 1989లో తెచ్చిన వ్యాససంకలనంలో, సమాజం గుర్తించని దుఃఖం గురించి మాట్లాడాడు. మైల లేదు, దినం లేదు, పలకరింపుకి వచ్చేవాళ్లు లేరు. అలాంటి దుఃఖం లోపలే ఉండిపోతుంది. మన భాష ఇంకో అడుగు ముందుకేసింది. ఏడ్చే దిక్కు లేని చావుకి 'కుక్క చావు' అని పేరే పెట్టింది. అదే నోటితో కుక్కని మెచ్చుకోవడానికి మనకున్న మాట 'విశ్వాసం'. పెట్టినది తిని, కొట్టినా గడప వదలకపోవడం. ఈ మెచ్చుకోలు మనకి కొత్తది కాదు. ఇల్లాళ్లకీ ఇదే కొలబద్ద.

నన్ను ఓదార్చడానికి ఇద్దరు ముగ్గురు స్నేహితులు ధర్మరాజు కథ చెప్పారు. కుక్క కోసం స్వర్గాన్నే కాదన్నవాడు కదా అని. మహాప్రస్థానిక పర్వం మళ్లీ చదివాను. ఓదార్పు దొరకలేదు సరికదా, ఒళ్లు మండింది. దారిలో మొదట పడిపోయింది ద్రౌపది. భీముడు కారణం అడిగితే ధర్మరాజు ఆమె దోషం చెప్పాడు, ఆమెకి అర్జునుడి మీద పక్షపాతమని. వెనక్కి చూడకుండా నడిచాడు. తర్వాత ఇంద్రుడు సరిగ్గా అదే అడుగుతాడు: తమ్ముళ్లనీ భార్యనీ వదిలినవాడివి, కుక్కని వదలలేవా? చనిపోయినవాళ్లతో చెలిమీ లేదు, పగా లేదు, వాళ్లని బతికించలేను కనక వదిలాను, బతికుండగా వదల్లేదు అంటాడు ధర్మరాజు.

ఈ వాదాన్ని మన వ్యాఖ్యాతలు భూతదయకి పరాకాష్ఠగా చెబుతారు. నాకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఆ కుక్క కూడా ద్రౌపది పక్కనే కూలిపోయి ఉంటే? ఆ లెక్కన దాన్నీ దాటి వెళ్లిపోయేవాడే. ఈ కథ బతికున్న కుక్కని వదలొద్దని చెబుతుంది, బాగానే ఉంది. చచ్చిపోయిన కుక్క గురించీ, దాని కోసం ఏడ్చేవాళ్ల గురించీ దీనిలో ఏమీ లేదు. పైగా చివరికి అది కుక్కే కాదు, యమధర్మరాజు. కుక్కగా కుక్కకి విలువ ఉందని ఒప్పుకోవాల్సిన చోట కవి దాన్ని దేవుణ్ణి చేసి తప్పించుకున్నాడనిపిస్తుంది నాకు.

మనం అంతగా తలుచుకోని కుక్క ఒకటి ఇదే భారతం మొదట్లో ఉంది. సరమ. జనమేజయుడి యాగశాల దగ్గర తిరుగుతున్న ఆమె కొడుకుని రాజు తమ్ముళ్లు కొట్టారు. వాడు హవిస్సు ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు. సరమ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. సభకి వెళ్లి, ఏ తప్పూ చేయని నా బిడ్డని ఎందుకు కొట్టారని అడిగింది. ఎవరూ పలకలేదు. అప్పుడు శపించింది, అనుకోని భయం వచ్చి పడుతుందని. రాజు ఆ శాపానికి వణికి, శాంతి చేయించే పురోహితుడి కోసం వెతుక్కున్నాడు. నన్నయ తెలుగు భారతంలోనూ తొలి ఆశ్వాసంలోనే ఈ కథ ఉంది. రాజమండ్రిలో పుట్టి, నన్నయని క్లాసులో పాఠంగా చదువుకుని కూడా నేను సరమని తల్లిగా చూడలేదు. అదొక నీతిపద్యానికి ముందున్న కథగానే మాకు చెప్పారు.

ఇంగ్లీషులోనూ పరిస్థితి అంత మెరుగ్గా లేదు. 1866లో ఎమిలీ డికిన్సన్, పదహారేళ్లు తోడున్న కార్లో పోయిన సంగతి హిగ్గిన్సన్‌కి ఒక్క ముక్కలో రాసి, వెంటనే అతని మార్గదర్శనం అడుగుతుంది. వర్జీనియా వుల్ఫ్ 'ఫ్లష్' (1933) ఎలిజబెత్ బారెట్ కుక్క జీవితచరిత్ర. దొంగలు ఫ్లష్‌ని ఎత్తుకుపోతే, డబ్బివ్వొద్దని తండ్రీ, ప్రేమికుడు బ్రౌనింగూ ఇద్దరూ అన్నా, గది దాటని ఆ రోగిష్టి మనిషి పనిమనిషిని తోడు తీసుకుని బండెక్కి లండన్ మురికివాడకి వెళ్లడం నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. అయితే ఫ్లష్ ప్రాణం పోవడంతో పుస్తకం అయిపోతుంది. మర్నాడు ఎలిజబెత్ ఏం చేసిందో వుల్ఫ్ చెప్పదు. నాకు కావలసింది ఆ మర్నాడే.

ఆ మర్నాడు మా ఇంట్లో ఎలా గడిచిందో నేను సరిగ్గా చూడలేదు. నా ఏడుపులో నేనున్నాను. చుక్క నాది అనుకున్నాను, పేరు పెట్టింది నేనే కనక. కానీ పన్నెండేళ్లూ పొద్దున్నా సాయంత్రం పెరుగన్నం కలిపి పెట్టింది అమ్మ. మడి అనీ, వంటింట్లోకి రానివ్వకండనీ అరిచిందీ అమ్మే. కుక్కంటే ఆమెకి పడదనే మేమంతా అనుకున్నాం. ఆమెని ఎవరూ ఒక్క మాట పలకరించలేదు. నేనూ పలకరించలేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు రాత్రి భోజనాల దగ్గర ధర్మరాజు గురించి నా కోపమంతా అమ్మకి చెప్పాను. మజ్జిగ పోస్తూ విని, "అది సరేలేవే, ద్రౌపది ముందే పడిపోయిందిగా. ఆ తర్వాత ఆ కుక్కకి అన్నం ఎవరు పెట్టారూ?" అంది.

ఆమె చేతిలో ఒక ముద్ద మిగిలి ఉంది. దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. ఈ ఏడు నెలలూ రోజూ వెళ్తోందట. గోడ మీద పెడితే తెల్లారి కాకులు తింటున్నాయని తమ్ముడు చెప్పాడు.