తోడన్నం, ఉల్లిరేకు, ఒక పొట్లం పొడి

ఈ వారం నోయిడాలో మా టవర్ లిఫ్టులో ఒక తెలుగమ్మాయి కనిపించింది. చంకలో మూడేళ్ల పిల్లాడు, చేతిలో డబ్బా. "అంకుల్, ఇందులో ప్రీబయోటిక్ ఉందటండీ, పొట్టకి మంచిదట" అంది. తిప్పి చూశాను. ముందు పెద్దక్షరాల్లో ప్రీబయోటిక్, వెనక చీమతలకాయంత అక్షరాల్లో చక్కెర. డబ్బాలతో నాకు పాత పేచీ ఉంది. రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారానికి ప్రకటనలు వేయకూడదని 1992 నాటి చట్టాన్ని 2003లో బిగించారు. ఇక కంపెనీలకు మిగిలింది రెండేళ్లు దాటిన పిల్లలే.

ప్రీబయోటిక్ అంటే మనకు అరక్కుండా పెద్దపేగు దాకా పోయి, అక్కడి మంచి బ్యాక్టీరియాకు మేతయ్యేది. ఉల్లి, వెల్లుల్లి, అరటికాయ, పప్పులు అలాంటివే. తల్లిపాలలోనూ బిడ్డకు అరగని చక్కెరలు నూటికి పైగా రకాలున్నాయి. అవి బిడ్డ పేగుల్లోని బిఫిడో బ్యాక్టీరియా వాటా.

మా చిన్నప్పుడు ఈ మేత డబ్బాల్లో వచ్చేది కాదు. ఇంట్లో రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, మజ్జిగ చుక్క వేసి మూతపెట్టేవారు. తెల్లారేసరికి తోడుకునేది. అమ్మమ్మ ఉల్లిపాయను పీట మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేది. కత్తి తగిలితే రుచి చెడుతుందని ఆవిడ సిద్ధాంతం. పెద్దవాళ్లకు ఆవకాయ ముక్క, మాకు ఉప్పద్దిన ఉల్లిరేకు. ఢిల్లీకొచ్చాక ఆ రేకూ భారమైన రోజులున్నాయి. 1998లో ఉల్లిధర ఢిల్లీ రాష్ట్ర గద్దెనే కదిపింది మరి. 

"డబ్బా పారేయ్, తోడన్నం పెట్టు" అని ముగించేద్దును గానీ, ఒడిశా అడ్డొస్తోంది. అక్కడి పల్లెల్లో డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులతో చేసిన పరీక్ష 2017లో 'నేచర్'లో వచ్చింది. మరీ ముందుగా, మరీ తక్కువ బరువుతో పుట్టినవాళ్లు కారు, తల్లిపాలు తాగుతున్నవాళ్లే. సగంమందికి వారం రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి మేతగా ఫ్రక్టో ఓలిగోశాకరైడ్ అనే చక్కెరను పట్టారు. మిగతావారికి మందులేని పొడి. రెండు నెలల్లో సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్) గానీ మరణం గానీ మందులేని పొడి పట్టినవారిలో 9 శాతం, బ్యాక్టీరియా పట్టినవారిలో 5.4.

పులిసినవాటిలో పెరిగే సూక్ష్మజీవి, ఉల్లిలో ఉండే కోవ చక్కెర: తోడన్నం, ఉల్లిరేకుల జతే కదా అనిపిస్తుంది. కానీ నాలుగు రోజుల బిడ్డకు ఉల్లిరేకు పెట్టలేం, కొలిచిన పొడి పట్టగలిగారు. అమ్మమ్మలకు అన్నీ ముందే తెలుసని వాట్సాప్‌లో మురిసిపోతుంటాం. తెలిస్తే పురిటిబిడ్డల్ని అంతమందిని పోగొట్టుకునేవారా?

ఇంట్లో అన్నీ తినే మూడేళ్లవాడికి పప్పన్నం, ఢిల్లీ ఐఎన్ఏ మార్కెట్లో దొరికే అరటికాయ చాలు. పొడంటే మాత్రం నాకు పగ లేదు. ఏ వయసు బిడ్డకు, ఎన్నాళ్లు, ఏ ఆపద తప్పించడానికి పట్టి చూశారో, డాక్టరు ముందు పెట్టగల లెక్క ఉండాలి. ఆ లెక్క డబ్బా మీద అచ్చేయమనండి, మొదటి డబ్బా నేనే కొంటాను.