మార్షియల్ కొసమాట

రోమక కవి మార్షియల్ చాటువులను ఫ్రెంచి అనువాదములతో సరిపోల్చుచు చదువుట నాకు చిరకాలముగ నలవాటు. 1930లో వెలువడనారంభించిన ఇజాక్ పండితుని ముద్రణమున లాటిను పద్యమును ఫ్రెంచి వచనమును ఎదురెదురు పుటలలో నుండుటచే, చూపు ఇటునుండి అటు మరల్చినంతనే అనువాదకునకు చేజిక్కినదేదో, చేజారినదేదో తెలియవచ్చును. స్పెయినునందలి బిల్బిలిస్‌లో పుట్టి, 64లో రోమునకు వచ్చి, తెల్లవారకమునుపే బరువైన టోగా చుట్టుకొని ధనికుల గుమ్మములకడ దినవెచ్చమునకై పడిగాపులు పడి, అక్కడ కన్నవారినే పద్యములకెక్కించిన యీ కవి పదునైదు వందలకు పైబడిన చాటువులు వ్రాసెను. డొమిషియన్ చక్రవర్తిని పొగడిన పద్యములు నాకు రుచింపవు, వానిని దాటిపోవుదును.

తేలునకు వలె ఈ పద్యములకు సత్తువయంతయు కొసనే యుండును. అందవికారియైన మరొనిల్లాను పెండ్లాడుటకు గెమెల్లుస్ ఏల తహతహలాడుచున్నాడను ప్రశ్నకు కవి నాలుగవ పాదపు తుదివరకు మనల నూరించి, ఆమె దగ్గుచున్నదని ఒకే క్రియాపదముతో బదులిచ్చును. క్షయ మాట యెత్తడు, ఆస్తి మాట యెత్తడు. పాదాంతమున నడక తడబడు కుంటి ఛందస్సు నెన్నుకొనుటచే ఆ దగ్గు చెవికి మరింత సూటిగ తగులును. ఫ్రెంచిలో క్రియకు ముందు కర్తను చెప్పక తీరదు గనుక ఒక మాట రెండగును. అది భాషాధర్మము, అనువాదకుని దోషము గాదు. కాని అంత్యప్రాసకై పాదములు పెంచి, ఆ దగ్గునకు అర్థము చెప్పబూనెనా, పద్యము చచ్చినదే. 16వ శతాబ్దిలో ఫ్రెంచి కవి క్లెమా మారో ఈ ప్రమాదమును గుర్తెఱిగియే కాబోలు, మార్షియల్‌ను అనువదించుటకంటె అనుకరించుటకే మొగ్గి, తన కాలపు ఫ్రెంచి జనులను పద్యములలో నిలిపెను. మన భాషలో కర్త క్రియలోనే యిమిడిపోవును. ‘దగ్గున్’ అను రెండు గురువుల పదము కందపద్యపు చివరి గణముగ చక్కగ నమరును. ఎవరైన సమర్థులు పూనుకొనిన ఎంత బాగుండును!

అయితే మార్షియల్‌ను వట్టి నోటిదురుసువానిగ నెంచువారితో నేను ఏకీభవింపజాలను. ఆరేండ్లు నిండుటకు ఆరు దినములుండగా మరణించిన ఎరోతియాన్ అను దాసీబాలికను పరలోకమున చేరదీయుడని తన తల్లిదండ్రులను వేడుకొనిన పద్యమునందును కొసమలుపు కలదు. అచ్చట నది ఎవరిని కుట్టుటకును గాక, ఆ పసిదానిపై మన్ను బరువుగ నుండరాదని భూమిని అర్థించుటకు వినియోగపడినది. ఇజాక్ వచనమున ఛందస్సు పోయినను ఈ మలుపు చెక్కుచెదరలేదు. ఏలయన నిది పదముల వరుసపై గాక భావముపై నిలిచినది. పదియవ సంపుటమున కవి మరల ఆ బాలికను తలచి, తన తరువాత తన పొలమునకు యజమాని యెవరైనను ఏటేట ఆమె సమాధికి నివాళి యర్పింపవలెనని కోరెను. ఈ కోరికను చెప్పుటకు అనువాదకునకు ఏ చమత్కారమును అక్కరలేదు, చెప్పినదానిని చెప్పినట్లు చెప్పిన చాలును.