అబద్ధమాడని భయం

1997లో అమెరికాలోని ఐడహో ఫాల్స్‌లో నేథన్ జోనర్ అనే 14 ఏళ్ల కుర్రాడు తొమ్మిదో తరగతి పిల్లలు 50 మందికి డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనే రసాయనం చేసే హాని గురించి వివరించాడు. దీన్ని నిషేధించాలా అని అడిగితే 43 మంది నిషేధించాల్సిందేనన్నారు. ఆరుగురు ఎటూ తేల్చుకోలేకపోయారు. ఒక్కరు మాత్రం గుట్టు పట్టేశారు. అవి నీళ్లు! ‘మనం ఎంత తేలిగ్గా నమ్మేస్తాం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకి ఊరి సైన్స్ ఫెయిర్‌లో మొదటి బహుమతి వచ్చింది.

ఈ తమాషా జోనర్ పుట్టించింది కాదు. 1983 ఏప్రిల్ 1న మిషిగన్‌లోని డ్యురాండ్ అనే ఊళ్లో ఒక వారపత్రిక, ఊరి నీటి గొట్టాల్లో ఇలాంటి రసాయనమే ఉందని రాసి జనాన్ని ఆటపట్టించింది. ఆ తర్వాత శాంటా క్రూజ్‌లో యూనివర్సిటీ విద్యార్థులు దాన్ని కరపత్రంగా మలిచారు. అంటే చేతులు మారుతూ సానపడ్డ సరుకన్నమాట. నన్ను కట్టిపడేసింది దాని పనితనమే.

ముందు పేరు చూడండి. రసాయనశాస్త్రం ప్రకారం తప్పులేదు, కానీ ఏ కెమిస్ట్రీ మాస్టారూ నీళ్లని అలా పిలవడు. ‘మోనాక్సైడ్’ అనగానే మూసిన గదిలో బొగ్గుల కుంపటి గుర్తొచ్చి గుండె ఝల్లుమంటుంది. సగం పని అక్కడే అయిపోయింది. మన పాత తెలుగు పాఠ్యపుస్తకాల భాషలో అయితే ఈ వేషం నిలవదు. హైడ్రోజన్‌ని ‘ఉదజని’ అన్నారు కదా, ఉదకాన్ని పుట్టించేది అని. పేరు కడుపులోనే నీళ్లు పెట్టుకున్నదాన్ని పట్టుకుని నీళ్ల గుట్టు దాచడం ఎలా? గ్రీకు మూలంలోనూ అదే అర్థం ఉంది. ఇంగ్లీషు చెవికి అది వినబడదు, అంతే.

ఇక ఆరోపణలు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం తీస్తుందట. ఆవిరిగా తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుందట. ఇనుముని తినేస్తుందట, ఆమ్లవర్షంలో ఎక్కువ భాగం ఇదేనట. ఒకసారి అలవాటుపడ్డవాడికి ఆపేస్తే చావేనట. ఏ కోర్టులో నిలబెట్టినా ఒక్క వాక్యం ఓడదు. నాకు బాగా నచ్చింది, కేన్సర్ కణితుల్లో ఇది దొరికిందనే మాట. దొరికింది అన్నారు, కణితి దీనివల్లే వచ్చిందని అనలేదు. ఆ రెంటికీ మధ్య వంతెన చదివేవాడే కట్టుకుంటాడు, అదీ తన సొంత ఖర్చుతో. దీనికంటే గడుసుదనం ఇంకొకటుంది: ఒంట్లో చేరితే చెమటలు పట్టిస్తుందని బాహాటంగానే రాశారు. దొంగ తన చిరునామా తానే గోడమీద రాసిపోయినట్టు! భయం పట్టుకున్న కన్ను దాన్నీ రోగలక్షణాల పద్దులోనే వేసుకుంటుంది.

ఇదంతా పిల్లల ముచ్చటేనని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2004లో కాలిఫోర్నియాలోని అలీసో వియేహో నగరపాలక మండలి ఎజెండాలో, ఫోమ్ కప్పుల తయారీకి డైహైడ్రోజన్ మోనాక్సైడ్ వాడతారు కాబట్టి నగర కార్యక్రమాల్లో వాటిని నిషేధించాలన్న ప్రతిపాదన చోటు చేసుకుంది. సంగతి తెలిసి ఓటింగు దాకా రాకముందే వెనక్కి తీసుకున్నారు.

నాకూ చేయి దురదపెట్టి, ఇదే పనితనాన్ని కేకుల్లో, బజ్జీల్లో పడే వంటసోడా మీద ప్రయోగించాను. సోడియం హైడ్రోజన్ కార్బనేట్ అని ఘనంగా శీర్షిక పెట్టి మొదలెట్టాను: మంటలార్పే యంత్రాల్లో నింపే పొడుల్లో ఇదొకటి. వేడి చేస్తే విడిపోయి బట్టలుతికే సోడాగా మారుతుంది. అప్పుడు వెలువడే వాయువు దీపాన్ని ఆర్పేస్తుంది. పైగా ఆ వేడికి డైహైడ్రోజన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది! దీన్ని చిన్నపిల్లల తిండిలోనూ కలుపుతున్నారు. అన్నీ నిజాలే. గురువులకి నమస్కారం పెట్టుకుని, పొయ్యి దగ్గర పునుగుల పిండి కలుపుతున్న పిన్నికి చదివి వినిపించాను.

నాలుగు వాక్యాల వరకూ గరిటె ఆపి మరీ వింది. “పులిసిన పెరుగు తగిలితే బుసబుసా పొంగుతుంది” అన్న దగ్గర నవ్వేసింది. ఆ ఒక్క వాక్యం నేను రాయకుండా ఉండాల్సింది. చెమటలాంటి ఆనవాలు చెప్పీ దాచగలిగింది శాంటా క్రూజ్ వాళ్ల చెయ్యి. నాది ఇంకా పచ్చి చెయ్యి. పెరుగుతో పొంగడమంటే పిన్నికి రోజూ కళ్లముందు జరిగే సంగతి.

“తినే సోడాకా ఇంత గోల? పిండిలో చిటికెడు వేశాన్లే, తిని చూడు,” అని మొదటి వాయి నూనెలోకి వదిలింది. తర్వాత కాసేపాగి, “అసలు సంగతి రాయలేదేంట్రా? ఎక్కువైతే పునుగులు నూనె తాగేస్తాయి. ముందు అది రాయి.”