వాయిస్ పెట్టాను, విను

అన్నవరం కొండమీద సత్యనారాయణ వ్రతం పూర్తిచేసుకుని మండపంలోంచి బయటికి వచ్చేవాళ్ళని ఒకసారి చూడండి. ఒక చేతిలో ఆకులో కట్టిన ప్రసాదం పొట్లం, రెండో చేతిలో ఫోను. తలమీద అక్షింతలు ఇంకా రాలనే లేదు, అప్పుడే ఎవరికో ఒకరికి మాట పంపుతూ ఉంటారు. డాలస్‌లో ఉన్న కొడుకుకి అది అర్ధరాత్రి, ఫోను చేస్తే నిద్ర చెడుతుంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కూతురికి ఏ వేళ తీరుబడి దొరుకుతుందో తెలియదు. తెలుగులో టైపు చేయడం అందరికీ చేతకాదు, కొందరికి అసలు రాతే రాదు. అందుకని మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కిపట్టి, ఫోను పెదవుల దగ్గరికి తెచ్చుకుని చెప్పాల్సింది చెప్పేస్తారు. తరువాత కలిసినప్పుడు "వాయిస్ పెట్టాను, విన్నావా?" అని అడుగుతారు.

నా దృష్టిలో ఇది ఒక కళ. గురువు లేకుండా, సాధన చేస్తున్నామన్న ఎరుక కూడా లేకుండా, మన ఇళ్ళలో ఆడవాళ్ళు ముఖ్యంగా, పరిపూర్ణంగా పట్టుకున్న కళ.

కార్తీకమాసంలో ఒక పొద్దున్న, కింద పంపా నీళ్ళు కనిపించే పిట్టగోడ దగ్గర నిలబడి ఒక పెద్దావిడ డాలస్‌లో ఉన్న తన కొడుకుకి వాయిస్ పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేటంత గట్టిగానే పెట్టింది.

"ఏరా నాన్నా, వ్రతం బాగా అయ్యిందిరా. మీ నాన్నగారు పీటల మీద కూర్చోలేనన్నారు గానీ, కూర్చున్నారు. నీ పేరు, అమ్మాయి పేరు, పిల్లల పేర్లు గోత్రంతో సహా అన్నీ చెప్పించాను. ప్రసాదం తీసుకున్నాం. నీకిష్టం కదా... ఇక్కడ గాలి బాగుందిరా. తిన్నావా? సరే మరి. జాగ్రత్త. ఉంటాను. సరే మరి."

ఇందులో కబురు ఎంత? వ్రతం అయింది, అంతే. మిగిలినదంతా రసం. "నీకిష్టం కదా" అన్నాక ఆవిడ ఆగింది. అన్నవరం ప్రసాదం తిన్నవాళ్ళకి ఆ ఆగడం ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. గోధుమనూక, పంచదార, నెయ్యి, యాలకులు కలిసి, వేడికి ఆకు వాసన కూడా పట్టిన ఆ ముద్ద ఆవిడ చేతిలో ఉంది. తినాల్సినవాడు సముద్రాల అవతల ఉన్నాడు. ఆ మాట ఆవిడ అనలేదు. ఆవిడ ఊరుకున్న ఆ కాస్త వ్యవధిలోకి గుడిగంట వచ్చింది, వ్రతానికి తరువాతి జట్టును పిలిచే మైకు వచ్చింది, ఎక్కడో ఓ పసివాడి ఏడుపు వచ్చింది. అవన్నీ కూడా డాలస్ వెళ్ళాయి. ఆ వెంటనే "ఇక్కడ గాలి బాగుందిరా" అని మాట మళ్ళించింది. గొంతు ఎక్కడ జీరబోతుందో ముందే పసిగట్టి పక్కకి తప్పుకున్న ఆ మలుపు, అనుభవమున్న కవికి కూడా అంత తేలిగ్గా దొరకదు.

ఇక "తిన్నావా?" అన్న ప్రశ్న. అర్ధరాత్రి నిద్రపోతున్నవాడిని, ఆ క్షణంలో బదులు చెప్పలేనివాడిని అడిగిన ప్రశ్న అది. భరతుడు నాట్యశాస్త్రంలో కాకువు, అంటే గొంతు విరుపు, రెండు రకాలన్నాడు: ఇంకా ఏదో కావాలని మిగిలి ఉండేది సాకాంక్షం, అర్థం అక్కడికక్కడే తీరిపోయేది నిరాకాంక్షం. "వ్రతం బాగా అయ్యిందిరా" నిరాకాంక్షం. "తిన్నావా?" సాకాంక్షం. తెల్లవారి కొడుకు లేచి వినేదాకా ఆ స్వరం పైకి లేచినట్టే ఉండిపోతుంది. మెసేజ్ మొత్తాన్ని బతికించింది ఆ ఒక్క లేచిన స్వరమే అని నా నమ్మకం.

భరతుడే స్వరస్థానాల గురించి ఇంకో మాట చెప్పాడు. పక్కనున్నవాడితో ఉరస్సునుంచి, కొద్ది దూరంలో ఉన్నవాడితో కంఠంనుంచి, బాగా దూరంలో ఉన్నవాడితో శిరస్సునుంచి పలకాలట. మన పెద్దవాళ్ళు వాయిస్ పెట్టేటప్పుడు అరుస్తారని పిల్లలు విసుక్కుంటారు. పిల్లవాడు అమెరికాలో ఉన్నాడు కాబట్టి ఆవిడ శిరస్సునుంచి పలుకుతోంది. ట్రంక్ కాల్ రోజులు చూసిన గొంతు అది, శాస్త్రప్రకారం చక్కగా ఉంది. అదే కొడుకు తిరిగి పెట్టే వాయిస్ విన్నారా? పక్క మీద పడుకుని, ఉరస్సునుంచి, గుసగుసగా, అమ్మ పక్కనే ఉన్నట్టు పలుకుతాడు. ఒకరు దూరాన్ని దాటడానికి గొంతు ఎత్తుతున్నారు, ఇంకొకరు దూరం లేదనుకుని గొంతు దించుతున్నారు. ఈ రెండు వాయిస్‌లూ ఒకదాని కింద ఒకటి చేరినప్పుడు నాకు ఏ జుగల్‌బందీ విన్నా కలగని ఆనందం కలుగుతుంది.

వాయిస్ పెట్టడానికి సిగ్గుపడేవాళ్ళూ ఉన్నారు. రికార్డయిన తమ గొంతు విని "ఇదేంటి, నా గొంతు ఇలా ఉందా" అని చెరిపేసి, మళ్ళీ చెప్పి, మళ్ళీ చెరిపేస్తారు. మన గొంతు మనకి గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది కాబట్టి లోపల నిండుగా ఉంటుంది. రికార్డులో ఆ నిండుతనం పోయి పలచగా తోస్తుంది. కానీ మనవాళ్ళు పుట్టినప్పటినుంచీ విన్నది ఆ పలచటి గొంతునే. వాళ్ళు ప్రేమించిందీ దాన్నే. చెరిపేసే ముందు ఆ సంగతి తలుచుకుంటే బాగుండును.

అన్నవరంలో కూర్చుని ఈ మాటలు రాయడానికి ఒక కారణం ఉంది. ఈ క్షేత్రం పుట్టిందే ఒక సందేశంతో. స్థలపురాణం ప్రకారం స్వామి ఒకే రాత్రి ఈరంకి ప్రకాశరావు గారికీ, జమీందారు రాజా ఇనుగంటి వెంకట రామారాయణిం గారికీ కలలో కనిపించి, ఈ రత్నగిరి మీద తాను ఎక్కడున్నదీ చెప్పారు. పొద్దున్నే ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటే రెండు కలలూ ఒక్కటే. అంకుడు చెట్టు కింద విగ్రహం దొరికింది, 1891లో ప్రతిష్ఠ జరిగింది. నిద్రపోతున్నవాళ్ళకి వచ్చి, లేచాక అర్థమైన మాట అది.

రోజూ ఇక్కడ వేలమంది వినే వ్రతకథలోనూ సందేశమే కీలకం. సాధువనే వర్తకుడు దేశాంతరం నుంచి తిరిగొస్తూ, తన ఊరు కనుచూపుమేరలోకి రాగానే తాను వచ్చానని భార్యకి చెప్పమని దూతని ముందుగా పంపుతాడు. ఆ కబురు చెవిన పడేసరికి భార్య లీలావతి పూజ ముగించి పరుగెత్తింది, కూతురు కలావతి ప్రసాదం కూడా తీసుకోకుండా పరుగెత్తింది. అక్కడ మొగుడున్న పడవ మాయమైంది. నాలుగో అధ్యాయంలో ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా పురోహితులు గొంతు మార్చి చదువుతారు. ప్రసాదం మరిచినందుకు శిక్ష అని కథ చెబుతుంది. నాకు మాత్రం అంతకుముందు క్షణమే కళ్ళకి కడుతుంది: ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషి వచ్చాడన్న మాట చెవిన పడ్డ ఆ ఆడపిల్ల మొహం.

ఇదే కొండమీద పెళ్ళిళ్ళు కూడా జరుగుతాయి. పెళ్ళి కావాలని మన ఆడపిల్లలు పారాయణ చేసే పోతన రుక్మిణీకల్యాణంలో రుక్మిణి చేసినది కూడా ఇదే. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి నోట తన మాటలు పెట్టి ద్వారకకి పంపింది. నీ గుణాలు నా చెవులకి సోకాయనే మాటతోనే ఆ సందేశం మొదలవుతుంది. చూడలేదు, విన్నది, విన్నదానికి బదులుగా వినిపిస్తోంది. ఆ తరువాత పోతన చేసింది ఇంకా గొప్ప. రుక్మిణిని ఎదురుచూపులో నిలబెట్టాడు. బ్రాహ్మణుడు చేరాడో లేదో, దారిలో అలిసి ఆగిపోయాడో, కృష్ణుడు విని తప్పుగా అనుకున్నాడో అని ఆవిడ పడే తర్జనభర్జన ఇవాళ వాయిస్ పెట్టి, ఫోను పక్కన పెట్టుకుని, మైకు బొమ్మ నీలంగా మారిందా లేదా అని చూసుకునే ప్రతి ఆడపిల్లకీ తెలుసు. పెట్టిన క్షణం కంటే విన్నారని తెలిసేదాకా గడిచే వ్యవధిలోనే విప్రలంభం పండుతుందని పోతన అయిదారు వందల ఏళ్ళ కిందటే పట్టుకున్నాడు.

యంత్రాల కథ క్లుప్తంగా చెబుతాను. డెన్మార్క్‌కి చెందిన వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కు తీగమీద గొంతును పట్టే యంత్రం చేశాడు. అమెరికాలో తరువాత వాయిస్‌మెయిల్ ఇంటింటికీ వచ్చింది. మనకి అది అలవాటు కాలేదు. "బీప్ తరువాత మాట్లాడండి" అంటే మనవాళ్ళు పెట్టేసేవాళ్ళు, యంత్రంతో ఏం మాట్లాడతాం? మనకి మిస్డ్ కాల్ చాలింది. కానీ గల్ఫ్ వెళ్ళినవాళ్ళు సెలవుకి ఊరొచ్చే వాళ్ళ చేతికి ఖాళీ క్యాసెట్‌లో తమ గొంతు నింపి పంపిన కాలం ఒకటి ఉంది. టేప్ రికార్డరు ముందు ఇంటిల్లిపాదీ చేరి, రెండోవైపు తిప్పి మరీ వినేవారు. 2013లో వాట్సాప్ వాయిస్ మెసేజ్ తెచ్చినప్పుడు మనం అంత తేలిగ్గా దాన్ని అందుకున్నామంటే, ఆ క్యాసెట్లు వేసిన బాటే అది. 2022లో ఆ సంస్థే చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద రోజుకి సగటున 700 కోట్ల వాయిస్‌లు వెళ్తున్నాయి.

ఒక్క విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. 2021లో వచ్చిన రెట్టింపు వేగం. ఆఫీసు కబుర్లకి అది ఎంతైనా మంచిదే. అమ్మ వాయిస్‌ని ఆ వేగంలో వింటే "నీకిష్టం కదా" తరువాతి ఆ ఆగడం సగానికి సగం పోతుంది, "సరే మరి" రెండుసార్లు ఎందుకొచ్చిందో తెలియకుండానే అయిపోతుంది. మొదటి "సరే మరి" మాట ముగించడానికి. రెండోది బొటనవేలు ఎత్తబుద్ధి కాక. ఈ తేడా మామూలు వేగంలోనే వినపడుతుంది.

అందుకని ఒక విన్నపం. ఇంటినుంచి వచ్చిన వాయిస్‌ని దాని నడకలోనే వినండి. విన్నాక కనీసం "తిన్నానమ్మా" అని గొంతుతోనే బదులు పెట్టండి, బొమ్మ పెట్టి ఊరుకోకండి. ఇంకొక్క పని, ఈ రాత్రే చేయండి: మీవాళ్ళ వాయిస్‌లు ఒకటో రెండో ఎంచుకుని, ఫోనులోంచి తీసి కంప్యూటర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాచుకోండి. బ్యాకప్ లేకుండా ఫోను మారిస్తే చాట్‌తో పాటు అవి కూడా పోతాయి.