24 ఫ్రేములు, రెండు భాషలు

యానిమేషన్ స్టూడియోలో టూల్స్ రాసేవాడి దగ్గరికి పని ఇలాగే వస్తుంది. భోజనాలయ్యాక ఒక యానిమేటర్ వచ్చి, "అన్నా, నడకలో పిల్లాడి పాదం జారిపోతోంది. ఒక్కో షాట్ చేత్తో సరిచేస్తే గంట పడుతోంది, ఇంకా నలభై ఉన్నాయి" అంది. సాయంత్రానికి ఏదో ఒకటి కావాలి. పాదం నేలని తాకిన ఫ్రేమూ, నేల వదిలిన ఫ్రేమూ అడిగి, ఆ మధ్యలో పాదం కంట్రోల్‌ని ఒకేచోట పట్టి ఉంచి కీలు (ఏ ఫ్రేములో ఏ స్థానమో చెప్పే గుర్తులు) పెట్టే చిన్న స్క్రిప్ట్ పైథాన్‌లో రాశాను. ఎనభై లైన్లుంటుందేమో. టీ వేళకి అది ఆమె సాఫ్ట్‌వేర్‌లో బటన్లు పేర్చుకునే షెల్ఫ్ మీద బటనై కూర్చుంది. దీనికోసం సీప్లస్‌ప్లస్ తీసి ఉంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టయ్యేది.

మరోసారి ఏనుగు వచ్చింది. అది అడుగు వేసినప్పుడల్లా పొట్ట కింద చర్మం అదరాలి. మోడల్‌లో 60,000 వెర్టెక్సులు, అంటే ఆకారాన్ని కట్టే బిందువులు. అదీ పైథాన్‌లోనే మొదలుపెట్టాను. అదురు చూడముచ్చటగా వచ్చింది గానీ, ప్లే నొక్కితే ఏనుగు ఒక్కో ఫ్రేముకీ ఆగి ఆగి కదిలింది. సెకనుకు 24 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దక్కేది సుమారు 41 మిల్లీసెకన్లు. బొమ్మని కదిలించే అమరిక, అంటే రిగ్, అంతా ఆ 41లోనే తిరగాలి. ఒక్కో వెర్టెక్సుకి పాత స్థానం, వేగం, స్ప్రింగ్ లాగుడు కలిపి పాతిక చిన్న లెక్కలు వేసుకున్నా ఫ్రేముకి 15 లక్షలు. పైథాన్ ప్రతి కూడికకీ ముందు ఈ విలువ ఏ రకం, దీన్ని కూడాలంటే ఏ పద్ధతి అని వెతుక్కుంటుంది. వెర్టెక్సు మారినా ప్రశ్న మారదు, మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది. సీప్లస్‌ప్లస్ కంపైలర్ ఆ విచారణంతా ప్రోగ్రామ్ తయారయ్యేటప్పుడే ముగించేస్తుంది. నడిచే వేళకి మిగిలేది లెక్క ఒక్కటే. అవే సూత్రాలు సీప్లస్‌ప్లస్‌లోకి మార్చాక ఏనుగు ఆగకుండా నడిచింది.

కొత్తగా చేరినవాళ్ళు ఏ భాష నేర్చుకోమంటారని అడిగితే నేను రెండు మాటలు తిరిగి అడుగుతాను. ఈ పని ఒక్క ఫ్రేములో ఎన్నిసార్లు జరుగుతుంది? రేపు దీన్ని మార్చాల్సింది ఎవరు? మొదటిదానికి జవాబు లక్షల్లో ఉంటే కంపైల్ అయ్యే భాష. మార్చాల్సింది ఆర్టిస్టే అయితే స్క్రిప్ట్.

ఈ పని విభజన మనం కనిపెట్టింది కాదు. టీసీఎల్ భాషని రూపొందించిన జాన్ ఔస్టర్‌హౌట్ 1998లోనే ఈ వాదన గట్టిగా చేశాడు. భాగాలు తయారుచెయ్యడానికి ఒకరకం భాష, వాటిని అతికించడానికి ఇంకోరకం కావాలన్నాడు. అదే ఏడాది మాయా అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ విడుదలైంది. తయారవుతున్న తొలి రోజుల్లో మాయాకి టీసీఎల్‌నే స్క్రిప్ట్ భాషగా పెట్టుకున్నారు. తర్వాత వేవ్‌ఫ్రంట్ కంపెనీ వాళ్ళ సోఫియా భాష పునాదిగా మాయా సొంత స్క్రిప్ట్ భాష మెల్ పుట్టింది. లోపలి ఇంజన్ సీప్లస్‌ప్లస్, పైన కనిపించే మెనూలూ విండోలూ చాలావరకు మెల్.

మెల్ భాషగా ఏమంత అందమైనది కాదు. కానీ మాయాలో స్క్రిప్ట్ ఎడిటర్ అనే కిటికీ ఒకటి ఉంది, దాని రుణం మా తరం తీర్చుకోలేదు. మీరు మౌస్‌తో ఒక గోళం చేస్తే అక్కడ 'పాలీస్ఫియర్' అని ఒక లైన్ పడుతుంది, పక్కనే వ్యాసార్థం అంకెతో సహా. జరిపితే ఇంకో లైన్. ఆ లైన్లు ఎంచుకుని మౌస్ మధ్య బటన్‌తో షెల్ఫ్ మీదికి లాగితే అవే ఒక బటన్ అవుతాయి. కంప్యూటర్ సైన్స్ గడప తొక్కని బొమ్మల కళాకారులు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది అలాగే. ముందు చేత్తో చేసి, తాము చేసిందే అక్షరాల్లో చూసుకుని, అందులో ఒక అంకె మార్చి చూసుకుని. 2007లో మాయా 8.5తో పైథాన్ వచ్చాక భాష మారింది గానీ నేర్చుకునే దారి అదే.

ఉచితంగా దొరికే 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఇంకో అడుగు ముందుకేసింది. గుండె సీ, సీప్లస్‌ప్లస్. పైన పరిచిన ప్యానెళ్ళు మాత్రం పైథాన్. డెవలపర్ ఎక్స్‌ట్రాస్ ఆన్ చేసి ఏదైనా బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎడిట్ సోర్స్ అంటే, ఆ బటన్‌ని అక్కడ పెట్టిన కోడ్ కళ్ళముందు తెరుచుకుంటుంది. ఛోటా భీమ్ పుట్టి, 'ఈగ' ఎగిరిన మన హైదరాబాద్‌లో లైసెన్సుకి డబ్బు లేని కుర్రాడు కూడా ఇవాళ ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో ఇలా చూడగలడు. ఇది నాకు చాలా పెద్ద సంగతి.

వేగం మాట పక్కన పెట్టి, తప్పు జరిగితే ఏమవుతుందో చూడాలి. పైథాన్ స్క్రిప్ట్‌లో పొరపాటుంటే కింద ఎర్రగా ఒక లైన్ వస్తుంది, అంతే. సీప్లస్‌ప్లస్ ప్లగిన్ తనది కాని మెమరీని ముట్టుకుంటే సాఫ్ట్‌వేర్ మొత్తం మూసుకుపోతుంది, దాంతోపాటు యానిమేటర్ సేవ్ చెయ్యని రెండు గంటల పని కూడా. పైగా మాయా పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా ప్లగిన్‌ని మళ్ళీ కంపైల్ చెయ్యాలి. నేను పనిచేసిన ఒకచోట జుట్టు సర్దే ప్లగిన్ రాసినతను వెళ్ళిపోయాడు, సోర్స్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఆ ఒక్క ప్లగిన్ కోసం రెండేళ్ళు పాత వెర్షన్‌లోనే ఉండిపోయాం. సీప్లస్‌ప్లస్ మొదలుపెట్టేముందు, దీన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరని నిజాయితీగా లెక్కేసుకోవాలి.

స్క్రిప్టులకీ ముసలితనం వస్తుంది. పైథాన్ 2కి 2020 జనవరితో నూకలు చెల్లాయి. మాయా 2022లో పైథాన్ 3 ముందుకొచ్చింది. 25ని 2తో భాగిస్తే పాతది 12 ఇచ్చేది, కొత్తది 12.5 ఇస్తుంది. షాట్ మధ్యలో కీ పెట్టే మా స్క్రిప్ట్ ఒకటి కీని రెండు ఫ్రేముల నడుమ పెట్టడం మొదలెట్టింది. ఎర్ర లైన్ లేదు, ఏమీ లేదు. వారం తర్వాత ఎవరో కళ్ళు చికిలించి పట్టుకున్నారు.

ఇంకో పరిమితి ఉంది. మామూలు పైథాన్‌లో ఒక తాళం ఉంటుంది, ఒక్క సమయంలో ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడపగలదు. కంప్యూటర్లో 32 కోర్లున్నా మిగతావి చూస్తూ కూర్చుంటాయి. 2014 నాటి 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్ 2'కి డ్రీమ్‌వర్క్స్ వాళ్ళు రిగ్ లెక్కల్ని అన్ని కోర్లకీ పంచే ఇంజన్ తయారుచేసుకున్నారు. మాయా 2016 కూడా ఆ దారే పట్టింది. అలాంటి చోట రిగ్ మధ్యలో ఒక పైథాన్ నోడ్ పెడితే మూడు లేన్ల రోడ్డు మీద లారీ అడ్డంగా ఆపినట్టే.

ఈ రెండిటికీ మధ్యదారి బాగా నప్పింది హూడినీ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌కి. అక్కడ వెక్స్ అనే భాష ఉంది. ఆర్టిస్ట్ నాలుగు లైన్లు టైప్ చేస్తాడు స్క్రిప్ట్‌లాగే. అది అప్పటికప్పుడు కంపైలై, కోర్లన్నిటి మీదా బిందువులన్నిటికీ ఒకేసారి నడుస్తుంది. బ్లెండర్‌లో వెర్టెక్సుల స్థానాలన్నీ ఒకేసారి నంపై అనే పైథాన్ లైబ్రరీ వరుసలోకి తీసుకుని లెక్క అయ్యాక ఒకేసారి వెనక్కి పెట్టొచ్చు. ఒక్కో వెర్టెక్సునీ విడివిడిగా అడిగే లూప్ కంటే ఇది ఎన్నో రెట్లు నయం. సీప్లస్‌ప్లస్ అని పరిగెత్తేముందు ఈ పని చేసి చూడమని నేను బతిమాలి చెబుతాను.

ఒక్కోసారి మాత్రం పని పైథాన్ నుంచి సీప్లస్‌ప్లస్‌కి మారాల్సిందే. 3డీ మోడళ్ళని దాచే ఓబీజే ఫైళ్ళు రాసే బ్లెండర్ ఎక్స్‌పోర్టర్ ఏళ్ళ తరబడి పైథాన్‌లోనే ఉండేది. 2022లో వచ్చిన 3.1 వెర్షన్‌లో దాన్ని సీప్లస్‌ప్లస్‌లో తిరగరాశారు, ఎన్నో రెట్లు వేగం పెరిగింది. ఓబీజే పాత ఫార్మాట్, ఇక మారేది లేదు. స్థిరపడ్డదాన్ని లోపలి గుండెలోకి పంపి, ఇంకా మారుతున్నదాన్ని పైనే ఉంచడం ఈ రెండు భాషల సంప్రదాయంలో నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి.

ఏనుగు విషయంలోనూ అదే చేశాను. వెర్టెక్సుల లూప్ ఒక్కటి సీప్లస్‌ప్లస్‌లో ఉంది, ఏ భాగం ఎంత అదరాలో చెప్పే అంకెలూ బటన్లూ పైథాన్‌లో ఉన్నాయి. పాదం స్క్రిప్ట్ మాత్రం ఇప్పటికీ మొత్తం పైథానే. మొన్న దాన్ని తెరిస్తే నేను రాయని పది లైన్లు కనిపించాయి. మెట్లెక్కే షాట్ల కోసం ఒక్కో అడుగుకీ నేల ఎత్తు వేరుగా అడుగుతోంది. నన్ను అడగకుండా ఆ అమ్మాయే రాసుకుంది.